అమావాస్య గోడ

నమోదు 1. శ్రావణ అమావాస్య

గోడ మళ్లీ నా మీదికి వచ్చింది. పొద్దున పడుకున్నచోటే కాళ్లు చాపితే బొటనవేలికి తగిలింది. నిన్నటిదాకా అక్కడ చీపురు ఆనించుకునే జాగా ఉండేది. ఇప్పుడు చీపురు కింద పడి ఉంది.

ఈ రాతలు గోడ పంచాయతీ కోసం. అవతలివాళ్ల మీద ఫిర్యాదు పెట్టే రోజున నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి. నోటితో చెప్పుకుంటే ఇంటి కప్పులోంచి పలికే యంత్రం గొంతు వింటుంది, విన్నది విన్నట్టు ఈ బురుజు కట్టిన సంస్థకు మోస్తుంది. అందుకే కాగితం. నా పేరు బాలమణి, సొంతూరు నల్గొండ దగ్గర. మూసీ ఒడ్డున నాలుగో బురుజులో, కిటికీల్లేని లోపలి వరుసలో ఉంటాను. మొగుడున్నాడా అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: ఉన్నాడు, ఎక్కడున్నాడో వాడికే తెలియాలి.

ఈసారి తప్పు నాదే. శ్రావణ శుక్రవారాలు కదా అని గోడ పొడుగునా ముగ్గు పెట్టాను. ముగ్గు పెట్టాక తొక్కుతామా? కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కనుంచి నడిచాను. ముగ్గు సంగతి మా నేలకేం తెలుసు? దానికి తెలిసింది తొక్కుడు ఒక్కటే. గోడకు రెండువైపులా ఎవరి నేలకు ఎక్కువ తొక్కుడు పడితే వాళ్లకు జాగా కావాలని లెక్క. అమావాస్య తెల్లారేసరికి గోడ రెండోవాళ్ల మీదికి జరుగుతుంది. లక్ష్మీదేవి వస్తుందని ముగ్గు పెడితే గోడ వచ్చింది.

మా బురుజులో అందరూ గోడవార నడుస్తూనే పళ్లు తోముకుంటారు. చుట్టం వస్తే ముందు గోడ పక్కన నాలుగడుగులు వేయించి, ఆ తర్వాత మంచినీళ్లిస్తారు. ఇవన్నీ తెలిసి కూడా ముగ్గు పెట్టానే, నన్ను చెప్పుతో కొట్టాలి.

నమోదు 2. వినాయక చవితి వెళ్లాక

అవతల ఎంతమంది ఉన్నారో అంతు పట్టడం లేదు. మా గదులకు వెలుగు తెచ్చే గొట్టంలోంచి ఎండ దిగకముందే మొదలవుతుంది నడక. నేను వెలుగు గొట్టాల అద్దాలు తుడిచే పనికి వెళ్లి, మధ్యాహ్నం తిండికి వచ్చి, మళ్లీ వెళ్లి, సాయంత్రం తిరిగి వచ్చినా నడుస్తూనే ఉంటారు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు ఈడుస్తున్నట్టు. నా లెక్కలో నలుగురైదుగురు వంతులేసుకుని నడుస్తున్నారు. నేను ఒంటిదాన్ని, నాకున్నవి రెండే కాళ్లు. అవి కూడా పొద్దంతా సంస్థ నిచ్చెనల మీదే అరిగిపోతాయి.

వెళ్లి మొహం మీద అడుగుదామంటే దగ్గర దారి లేదు. మా తలుపు తూర్పు వసారాలోకి, వాళ్ల తలుపు పడమటి వసారాలోకి. కిందికి దిగి, బురుజు చుట్టూ తిరిగి, వాళ్ల వైపు లిఫ్టులో ఎక్కాలి. గోడ పంచుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడకుండా కట్టారు. ఊరికే అలా కట్టారని నేను నమ్మను.

ఈ రోజు ఒళ్లు మండి రోకలి తీసి గోడను గుద్దాను.

“ఏందమ్మా, ఇంట్ల గుర్రాలను కట్టేసుకున్నరా? ఎంతమంది తొక్కుతున్నరు నా జాగా?”

అవతలి నుంచి ఆడగొంతు లేచింది. శ్రీకాకుళం వైపు మాట.

“ఎవుతివే నువ్వు? నీ జాగా ఏటి? నా ఇంట్లో నాను నడుత్తన్నాను. నీకు సాతకాపోతే కూకో!”

“నీ కాళ్లిరగ!”

“నీ రోకలిరగ! మడుసులున్న కొంపనుకున్నావా, దంపుడు శాలనుకున్నావా?”

మొదటిసారి ఒకరు నాకు సరిసమానంగా తిట్టారు. ఆ కోపంలో రోకలి పట్టుకుని గోడవార చాలాసేపు నడిచాను. రోకలి బరువు కూడా లెక్కలో పడుతుందేమోనని ఆశ.

నమోదు 3. ఎంగిలిపూల బతుకమ్మ

మహాలయ అమావాస్య. గోడ మళ్లీ జరిగింది. ఈసారి మంచం అడ్డంగా పట్టదు, నిలువుగా వేసుకున్నాను. ఇల్లంటే కనీసం ఇంత ఉండాలని సంస్థ పెట్టిన హద్దుకు దగ్గరపడుతున్నాను. హద్దు దాటి తగ్గితే దాన్ని ఇల్లనరు. వచ్చే అమావాస్యకు ఖాళీ చేయించి ‘వరుసలకు’ పంపుతారు. వరుసలంటే అరల మీద అరలు. లోపలికి పాకాలి, వెనక్కి పాకి బయటికి రావాలి. నేను ఈ నగరానికి వచ్చాక ఉన్న గదులన్నిటి తాళంచెవి ఎప్పుడూ ఇంకొకరి మొలలోనే ఉండేది. పొమ్మన్న రోజున మూట కట్టేదాన్ని. నా పేరు మీద పట్టా వచ్చింది ఈ ఒక్క గదికే. దీన్ని వదిలి అరలోకి పాకడం నా వల్ల కాదు.

నాతోపాటు అద్దాలు తుడిచే నర్సవ్వ దగ్గర ఏడ్చాను. అది ఆలోచించి ఒక మాట చెప్పింది.

“గీ తొమ్మిది రోజులు బతుకమ్మ మీ ఇంట్లనే ఆడుదం. గంతమంది ఆడోళ్ల కాళ్లు వడితే గోడ పరుగు వెడ్తది సూడు.”

దాని నోట్లో చక్కెర పోయాలి. తంగేడు పువ్వు మా బురుజులో ఎక్కడ దొరుకుతుంది? పాత తీగల పసుపు తొడుగులు కత్తిరించి పళ్లెంలో పేర్చాం. బతుకమ్మను నడుమ పెట్టకుండా గోడ దగ్గరికి జరిపాను, తిరిగేవాళ్ల అడుగు గోడ కింద పడేట్టు. పనివాళ్లందరూ వచ్చారు. వంగి, చప్పట్లు కొట్టి, ఉయ్యాల పాటలు పాడుతూ గట్టిగా తొక్కారు. “ఇంకా గట్టిగ” అని నేను వెనకనుంచి అరిచాను. గౌరమ్మ కోపగించుకుంటుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆమెకు ఇల్లుంది, నాకు లేదు అనుకున్నాను.

నమోదు 4. దీపావళి

గెలిచాను! పోయిన జాగా అంతా తిరిగి వచ్చింది. పైన ఇంకా చాలా వచ్చింది. మంచం అడ్డంగా వేసి, మళ్లీ నిలువుగా వేసి, మళ్లీ అడ్డంగా వేశాను. చీపురుకు ఒక మూల, రోకలికి ఒక మూల.

గోడ కదులుతున్నప్పుడు అవతల ఏదో గీసుకుపోయిన చప్పుడు, ఆ వెంటనే మగమనిషి కేక వినిపించాయి. ఏ బీరువానో పడి ఉంటుంది, పడనీ అనుకున్నాను. పిండివంట లేదుగానీ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను.

మధ్యాహ్నం గొంతు పలికింది. “మీ పక్క గది హద్దు కన్నా తగ్గింది. వచ్చే అమావాస్యకు ఖాళీ అవుతుంది. ఆ జాగా మీకు కలుస్తుంది. అభినందనలు.”

హద్దు తగ్గిన గది కోసం గోడ మళ్లీ వెనక్కి జరగదు. వాళ్ల పని అయిపోయినట్టే. అంత పెద్ద ఇంట్లో నేనొక్కదాన్నే ఏం చేసుకుంటానో ఆలోచిస్తూ సాయంత్రం దాకా కూర్చున్నాను.

నమోదు 5. కార్తీకం మొదట్లో

అవతల నడక ఆగిపోయింది. దీపావళి నుంచి ఒక్క అడుగు లేదు. రోకలితో గుద్దినా తిట్టడం లేదు. తిట్టేమనిషి తిట్టకపోతే భయం వేస్తుంది. అయినా నిజం రాయాలి, నేను వెళ్లింది జాలితో కాదు. ఓడిపోయిన మొహం ఎలా ఉంటుందో కళ్లారా చూద్దామని వెళ్లాను.

కిందికి దిగి, చుట్టూ తిరిగి, వాళ్ల వైపు ఎక్కాను. తలుపు తీసింది సన్నటి మనిషి, నాకంటే పెద్దది. కాళ్లు మాత్రం వాచి, పాత చీర పీలికలతో చుట్టి ఉన్నాయి. ఆమె వెనక ఒక మంచం, మంచం మీద ఒక ముసలాయన. అంతే. నా గోడ ఆ మంచాన్ని తలుపుదాకా తోసుకొచ్చింది. ఆయన ఒక మోకాలు ముడుచుకుని ఉన్నాడు, చాపడానికి చోటు లేదు. నడవడానికి అసలే లేదు.

“మిగతోళ్లేరి?” అన్నాను.

“ఏ మిగతోళ్లు?”

“నడిచేటోళ్లు.”

“నానే.”

నాకు అర్థం కాలేదు. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

“మా మావ లెగలేడు. మంచం మీద కదల్లేని మడిసిని ఈ నేల మడిసి కింద కట్టదు, బీరువా కింద కడతాది. ఇద్దరి నడక నానొక్కదాన్నే నడిసినాను. ఇంతకీ నువ్వెవులు?”

“గోడ అవతలిదాన్ని.”

చేతిలో చెంబు ఉన్నది ఉన్నట్టు నా మీదికి వచ్చింది. తప్పుకున్నాను, అది వసారాలో దొర్లుకుంటూ పోయింది.

“నువ్వా! రోకలి ముండవి నువ్వా! సూడ్డానికొచ్చినావేటి? సూడు, బాగా సూడు!”

“పైడీ, కొట్టకే,” అన్నాడు ముసలాయన మంచం మీదనుంచి. “రోకలట్టుకురానేదు గదా.” తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన పేరు తవిటయ్య, ఆమె మొగుడు. “అమ్మా, ఆ పాటలు మీ ఇంట్లోయేనేటి? తొమ్మిది దినాలూ ఇన్నాను. శానా బాగా పాడినారు. ఆకరి దినం సప్పట్లకి నా మంచం ఊగిపోనాది.”

నాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. ఆయన మీదికి గోడను తోసిన పాటలవి, ఆయన పడుకుని తాళం వేసుకుంటూ విన్నాడట.

“అమావాస్యకి మమ్మల్నట్టుకెళ్లిపోతారు,” అంది పైడమ్మ. గొంతు దించలేదు. “నన్ను వరుసలకి, మావని ఊరవతల పడకల కొట్టుకి. మడుసుల్ని ఒకసోటికి, సామాన్ని ఒకసోటికి. మా మావ సామాను కింద రాసున్నాడు. ఎల్లు, నీ ఇల్లు నువ్వు కొలుసుకో.”

తలుపు మొహం మీద వేసింది. తప్పేముంది?

నమోదు 6. అదే వారం

తిండి సహించడం లేదు. పెద్దదైన గదిలో నా అడుగుల చప్పుడు నాకే వినిపిస్తోంది, అసహ్యంగా ఉంది. ఇన్నాళ్లూ పైడమ్మను తిట్టుకున్నాను. కాళ్లకు పీలికలు చుట్టుకుని మొగుడి వంతు కూడా నడిచిన మనిషిని! మంచం పట్టినవాణ్ని బీరువా అని రాసిందెవరు? మా ఇద్దరి తలుపులూ చెరోవైపు పెట్టి, మధ్యలో ఈ గోడను కాపలా పెట్టిందెవరు? నా కోపానికి ఇన్నేళ్లకు సరైన చిరునామా దొరికింది.

ఇద్దరూ ఒప్పుకుని, గోడకు చెరోవైపు ఉన్న మీటలు ఒకేసారి నొక్కితే గోడను ఎత్తేయొచ్చు. మాది జంట గది, జరిగే గోడ ఒక్కటే. అది పైకి పోతే ఇక ఎవరి మీదికీ రాదు. కానీ రెండిళ్లు ఒకటైతే పట్టా ఒకటే మిగులుతుంది. రెండోవాళ్లు అతిథులు. పట్టా ఉన్నవాళ్లు ఏ రోజు పొమ్మంటే ఆ రోజు పోవాలి. అందుకే మా బురుజులో అన్నదమ్ములు కూడా గోడ ఎత్తరు.

నేను తెలివైనదాన్నే కదా, పట్టా నా పేరున ఉంచి వాళ్లను అతిథులుగా పెట్టుకోవచ్చా అని గొంతును అడిగాను.

“అతిథి తన కాళ్ల మీద నడవగలిగి ఉండాలి,” అంది గొంతు. “సామాను అతిథి కాదు. ఇంట్లో ఉండే సామాను పట్టాదారుదే అయి ఉండాలి.”

అంటే తవిటయ్య ఉండాలంటే పట్టా పైడమ్మది కావాలి. అతిథిని నేను కావాలి. చెంబుతో కొట్టబోయిన మనిషి దయ మీద నేను బతకాలి!

నర్సవ్వకు చెబితే నెత్తి కొట్టుకుంది. “పిచ్చి లేసిందా? ఇయ్యాల పట్టా ఇస్తవ్, రేపు పొమ్మంటది. యాడికి వోతవ్? ఊకోరాదు, అమావాస్య దాంక. ఇల్లంత నీదే అయితది.”

దాని మాట నిజమే. మూడు పూటలు దాని మాట మీదే ఉన్నాను. నాలుగో పూట గోడ దగ్గరికి వెళ్లి అరిచాను.

“ఓ పైడమ్మా! నీ దిక్కు మీట దగ్గర నిలవడు. నేను రోకలితోని కొట్టంగనే ఒత్తు. పట్టా నీ పేరు మీదనే.”

అవతల ఆమె కాళ్లు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి వచ్చిన చప్పుడు వినిపించింది.

“ఎందుకేటి?” అంది.

“నా ఇష్టం. నీకెందుకు? ఒత్తుతవా లేదా?”

పట్టా పైడమ్మ పేరుకు రాయమని గొంతుకు చెప్పి, రోకలితో కొట్టాను, మీట నొక్కాను. గోడ మూలిగి, దుమ్ము రాల్చి, పైకప్పులోకి పోయింది. అవతల పైడమ్మ మీట మీద చెయ్యి తీయకుండా నిలబడి ఉంది. నా వైపు జాగా అంతా చూసింది. అప్పుడు తవిటయ్య కాలు చాపాడు. నెమ్మదిగా, నొప్పికి మూలుగుతూ, పూర్తిగా చాపాడు.

“నీ ఉపకారం నాకొద్దు,” అంది పైడమ్మ. “నువ్వే తోసినావు, నువ్వే తీసినావు. లెక్క సరిపోనాది.”

నమోదు 7. కార్తీకం, పున్నమి దాటాక

ఇక పంచాయతీ లేదు. ఫిర్యాదు చేయాల్సినవాళ్లతోనే కాపురం. అయినా రాయడం అలవాటైపోయింది.

రోజూ పొద్దున గొంతు పైడమ్మను అడుగుతుంది: “ఇంట్లో అతిథి ఉన్నారు. ఉంచాలా, పంపాలా?” పైడమ్మ వెంటనే చెప్పదు. కొప్పు ముడుచుకుంటుంది, మొగుడికి నీళ్లు తాగిస్తుంది, నా వైపు చూస్తుంది. ఆ తర్వాత “ఉంచు” అంటుంది. అంతదాకా నేను చీపురు పట్టుకుని నిలబడే ఉంటాను. నన్ను పంపేస్తే ఆమెకు పోయేదేమీ లేదు, ఇల్లంతా ఆమెదే. గోడ కూడా తిరిగి రాదు.

కాబట్టి నేను నోరు మూసుకున్నాను. కూరలో చింతపండు ఎక్కువైనా మూసుకున్నాను. ఎండుచేపల వాసన ఇల్లంతా నిండినా మూసుకున్నాను. నా నోరు నాకే పరాయిదైపోయింది. ఇంత పెద్ద ఇంట్లో ఒక మూల ఒదిగి కూర్చుంటున్నాను. వరుసల్లో అర ఇంతకంటే ఇరుకుగా ఉంటుందా?

అన్నిటికన్నా నన్ను చంపేది ఆమె నడక. గోడే లేదు, అయినా నడుస్తోంది. గోడ ఉన్నచోటి వెంట, అటు చివర నుంచి ఇటు చివరకు, ఆ వాచిన కాళ్లతో. పీలికలకు నెత్తురు అంటుతోంది. తవిటయ్య వద్దంటాడు, వినదు. “నమ్మకం నేదు, మావా,” అంటుంది. నమ్మకం లేనిది గోడ మీదా, నా మీదా?

నమోదు 8. కార్తీక అమావాస్య

నిన్న సాయంత్రం నా వల్ల కాలేదు. ఆమె నా ముందునుంచి ఈడ్చుకుంటూ వెళ్తుంటే లేచి అడ్డం నిలబడ్డాను.

“ఆపు! ఇంక ఎవరి మీద నడుస్తున్నవ్? కాళ్లు కుళ్లి పోతయి, ఆ ముసలాయనకు నీళ్లెవరు పోస్తరు? కూసో!”

“నా ఇంట్లో నాను నడుత్తాను. అతిదివి, అతిది లాగుండు. నోరు ముయ్యి.”

అతిథి! అంతే, ఇన్ని రోజులు దాచింది మొత్తం బయటికి వచ్చింది. చింతపండు, ఎండుచేపలు, ఆ కొప్పు ముడుచుకుంటూ నన్ను నిలబెట్టే తీరు, అన్నీ అన్నాను. నా పట్టా నీ మొహాన కొట్టి తప్పు చేశాననీ అన్నాను. ఆమె తక్కువ తినలేదు. నా నోరు మురుగుకాలవ అంది, మొగుడు పారిపోయాడంటే పోడా అంది. ఆ మాటకు నేను ఏడ్చాను. అప్పటికీ ఆగలేదు, ఏడుస్తూనే తిట్టాను. తవిటయ్య దుప్పటి నెత్తిమీదికి లాక్కున్నాడు.

తెల్లారకముందే మూట కట్టుకున్నాను. కట్టడంలో నాకు ఆరితేరిన చెయ్యి. రెండు చీరలు, పళ్లెం, రోకలి. రోకలి మూటలో పట్టక చంకన పెట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాను. పొమ్మన్నాక కట్టుకోవడం కంటే ముందే కట్టుకుని ఉంటే పరువు దక్కుతుంది.

గొట్టంలోంచి ఎండ దిగింది. పైడమ్మ నడవడం లేదు. మంచం అంచున కూర్చుని వేన్నీళ్ల గిన్నెలో పాదాలు పెట్టుకుని ఉంది. కొప్పు విడిపోయి ఉంది, ముడుచుకోలేదు.

“ఇంట్లో అతిథి ఉన్నారు,” అంది గొంతు. “ఉంచాలా, పంపాలా?”

“అదెక్కడికెల్తాదిరా?” అంది పైడమ్మ వెంటనే. నా వైపు చూడలేదు. “దాని కొంపే గదా ఇది.”

“జవాబు అర్థం కాలేదు. ఉంచాలా, పంపాలా?”

“ఉంచరా, దరిద్రుడా! పొద్దున్నే పేణాలు తియ్యకు.”

రోకలి దించాను. మూట విప్పుదామంటే ముడి చేతులకు చిక్కలేదు, పళ్లతో లాగాను. పళ్లెం తీసి ఆమె పళ్లెం పక్కన పెట్టాను. అప్పుడు గిన్నెలోకి తొంగి చూశాను. ఉప్పు లేదు. వట్టి నీళ్లలో కాళ్లు నానబెడితే వాపు దిగుతుందా, ఇంత వయసొచ్చి ఆ మాత్రం తెలియదా అని మొదలుపెట్టాను. ఆమె ఊరుకుంటుందా? మా ఇద్దరి గోలకు తవిటయ్యకు మధ్యాహ్నం దాకా కునుకు పట్టలేదు.